అచ్చమాంబ దండ

తెలుగులో మొదటి కథ ఏది అని అడిగితే చాలు, ఎక్కడైనా గంటసేపు వాదన నడుస్తుంది. గురజాడ 'దిద్దుబాటు' (1910) అని ఒకరంటారు. కాదు, అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1902లో, భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' వచ్చిందని ఇంకొకరంటారు. ఈ రెండో మాట గట్టిగా వినబడటానికి ఎన్నో దశాబ్దాలు పట్టింది. వినబడ్డందుకు సంతోషమే. అయితే ఈ వాదనలో అచ్చమాంబ మనకి ఒక తేదీగా మిగిలిపోయిందేమో అని నా అనుమానం. 'మొదటి' అన్న మాట తీసేస్తే ఆవిడ గురించి మనం చెప్పగలిగేది ఎంత?

ఆవిడ అసలు పని వేరే ఉంది. దాని పేరు 'అబలా సచ్చరిత్ర రత్నమాల'. స్త్రీల జీవితచరిత్రల సంకలనం. 1874లో పుట్టిన అచ్చమాంబ బడికి వెళ్ళి చదువుకోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుంటే తనూ నేర్చుకుంది. చిన్నతనంలోనే పెళ్ళి, కన్న బిడ్డలు దక్కలేదు, 1905లో ముప్ఫై ఏళ్ళకే మరణం. ఆ కాస్త వ్యవధిలోనే తెలుగు, హిందీ, మరాఠీ లాంటి భాషలు నేర్చుకుని, దొరికిన ఆధారాలన్నీ కూడగట్టి, మన దేశపు స్త్రీల చరిత్రలు రాసింది. పరదేశ స్త్రీల గురించీ రాయాలనుకుంది, ఆయుష్షు సరిపోలేదు.

ఎందుకింత శ్రమ? ఆడవాళ్ళు పుట్టుకతోనే తెలివితక్కువవాళ్ళు, చదివిస్తే చెడిపోతారు అని పెద్దమనుషులు ధీమాగా చెబుతున్న కాలం అది. దానికి జవాబుగా రాస్తున్నానని ఆవిడ దాపరికం లేకుండా చెప్పుకుంది. ఇంజనీరింగ్ బుర్రతో చూస్తే ఇందులో నాకొక లెక్క కనిపిస్తుంది. 'ఏ స్త్రీకీ చేతకాదు' అన్న సిద్ధాంతాన్ని కొట్టెయ్యడానికి తర్కం ప్రకారం ఒక్క ఉదాహరణ చాలు. లోకం మాత్రం తర్కంతో నడవదు. ఒక్క ఉదాహరణ చూపిస్తే 'ఆవిడ వేరు లెండి' అంటుంది, సిద్ధాంతాన్ని భద్రంగా ఉంచుకుంటుంది. ఒక్క రత్నం ఎప్పుడూ మినహాయింపే. అందుకే మాల కావాల్సి వచ్చింది. ఒకరి పక్కన ఒకర్ని గుచ్చుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట మినహాయింపు అన్న మాట చెల్లడం ఆగిపోతుంది.

ఆ మాట నూట ఇరవై ఏళ్ళ నాటిదని కొట్టిపారెయ్యలేం. మార్చి 8న ఆఫీసుల్లో గులాబీలిస్తారు, కేక్ కోస్తారు, 'తొలి మహిళ' అంటూ పోస్టర్లు అంటిస్తారు. మర్నాడు మీటింగులో ఒక సీనియర్ ఇంజనీర్ గురించి మాటొస్తే 'ఆవిడ వేరే లెవెల్ సార్, అందరూ అలా ఉండరు' అంటారు. నా చెవులతో విన్నదే ఇది. పొగడ్తలాగే ఉంటుంది. ఆ ఒక్క మాటతో మిగతావాళ్ళందరికీ తలుపు దగ్గరగా వేసినట్టవుతుంది. ఒకరిని ఒంటరిగా పీఠమెక్కించే వేడుక సమానత్వానికి పెద్దగా పనికిరాదు. అచ్చమాంబకి ఇది ముందే తెలిసినట్టుంది.

అలాగని రత్నమాలని కళ్ళకద్దుకుని పక్కన పెట్టలేను. పేరే చూడండి. అబల అంటే బలం లేనిది. లోపలంతా బలం గురించి రాసి, అట్ట మీద ఆ మాట ఎందుకు మోయాల్సి వచ్చింది? పక్కనే 'సచ్చరిత్ర'. అంటే దండలోకి రావాలంటే ప్రతిభ ఒక్కటే చాలదు, నడవడిక కూడా నిరూపించుకోవాలి. 'ధనత్రయోదశి'లోనూ భార్య గొప్పతనం భర్తని దొంగసొమ్ము ముట్టకుండా ఆపడంలోనే ఉంది. 'దిద్దుబాటు'లోనూ దిద్దేది భార్యే. సచ్చరిత్ర ఉంటేనే చోటు అన్నది ఆ కాలం పెట్టిన షరతు. ఆవిడ ఒక్కదాన్నీ తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ ఆ షరతు ఎవరిని బయట నిలబెట్టిందో చూడాలి కదా.

ముద్దుపళని అలా బయట నిలబడింది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో 'రాధికాసాంత్వనము' రాసిన కవయిత్రి. కావ్యం మొదట్లో తన ఇంటి ఆడవాళ్ళ గురించీ తన ప్రతిభ గురించీ గర్వంగా చెప్పుకుంది. పంతొమ్మిదో శతాబ్దంలో అచ్చైన ప్రతిలో ఆ భాగమే ఎగిరిపోయింది! స్త్రీవిద్య కోసం అంత పోరాడిన వీరేశలింగం కూడా ఈ శృంగారం ఆడమనిషి రాయదగ్గది కాదని ఈసడించాడు. బెంగళూరు నాగరత్నమ్మ ఊరుకోలేదు. పూర్తి ప్రతి వెతికి పట్టుకుని 1910లో అచ్చు వేయించింది, సిగ్గు అనేది ఆడవాళ్ళకేనా, మగకవులకి అక్కర్లేదా అని నిలదీసింది. మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చాకే, 1952లో, పుస్తకం మళ్ళీ అచ్చైంది. నాగరత్నమ్మ చేసినదీ స్త్రీ విజయాన్ని పండగ చెయ్యడమే. దండలూ ఉపన్యాసాలూ లేకుండా, కోసేసిన పేజీలని తిరిగి కుట్టి చేసిన పండగ అది.

మూడో రకం 1986లో వచ్చింది. స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లో చెప్పిన జీవితాలు. మల్లు స్వరాజ్యం లాంటి పేరున్నవాళ్ళూ ఉన్నారు, పేరు తెలియనివాళ్ళూ ఉన్నారు. అందులో సాహసం ఉంది. దాంతోపాటు పోరాటం ముగిశాక ఇంటికి వెళ్ళి వంట చూసుకోమన్నప్పటి గుచ్చుకోలు కూడా ఉంది. సచ్చరిత్ర పరీక్ష ఎవరూ పెట్టలేదు. చెప్పనిచ్చారు, విన్నారు. ఘనతతో పాటు దాన్ని ఎలా చెరిపేశారో కూడా అదే నోటితో విన్నప్పుడే పొగడ్త చరిత్ర అవుతుందని నాకీ పుస్తకం చదివాకే అర్థమైంది.

సమానత్వం కావాలంటే చట్టాలు కావాలి, జీతాలు సమానం కావాలి, ఇంటిపని పంచుకోవాలి. పుస్తకాలు, పండగలు వీటికి బదులు కావు. కాకపోతే ప్రతి తరంలోనూ ఆడవాళ్ళ వాదన మొదటినుంచీ మొదలవ్వడానికి కారణం ముందుతరం సాక్ష్యం మాయమవడమే. అచ్చమాంబ సాక్ష్యం పోగేసింది, తర్వాత తనే మరుపులో పడింది. అందుకని ఈసారి 'మొదటి కథ ఎవరిది' అన్న వాదన మొదలైతే నేను ఇంకో ప్రశ్న వేద్దామనుకుంటున్నాను. అచ్చమాంబ ఎవరెవరి గురించి రాసింది? నాలుగు పేర్లు చెప్పండి చూద్దాం.