ఇంకేమై ఉండొచ్చు?

పల్నాడులో బోరు వేయించబోయే రైతు, పాయింట్ పెట్టడానికి వచ్చిన మనిషిని మొదట అడిగేది ఎన్ని అడుగుల్లో జల పడుతుందని. ఆ తర్వాత అడిగేది ఎన్ని ఇంచుల నీళ్లొస్తాయని. వచ్చినవాడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకున్నా, వేపపుల్ల పట్టుకున్నా, రెసిస్టివిటీ మీటరు తెచ్చిన జియాలజిస్టయినా ఆ రెండు ప్రశ్నలే. అడగాల్సిన మూడో ప్రశ్న ఒకటుంది, అడిగేవాళ్లు తక్కువ: నువ్వు నీళ్లని చెబుతున్నది ఇంకేమై ఉండొచ్చు? తవ్వకుండా నేల లోపల ఏముందో చెప్పే విద్యలన్నిటికీ ఈ ప్రశ్నే గీటురాయి అని నా అభిప్రాయం. దానికి సాక్ష్యం మన చేలలో కంటే చంద్రుడి మీద, అంగారకుడి మీద తేటగా దొరుకుతుంది. అక్కడ అనుమానం వచ్చినప్పుడల్లా బోరు బండి దింపి తేల్చుకునే వీలు లేదు. ఉన్నదల్లా రాడార్ పంపిన తరంగం, తిరిగొచ్చిన ప్రతిధ్వని, దాన్ని చదివే మనిషి నిజాయితీ.

రాడార్ చేసే పని చెప్పుకుంటే సులువే. కుండ కొనేవాళ్లు వేలితో తట్టి, మోతను బట్టి లోపలి పగులును పసిగట్టినట్టు, ఉపగ్రహం రేడియో తరంగంతో గ్రహం నేలను తట్టి, ఏం తిరిగొస్తుందో ఆలకిస్తుంది. కొంత తరంగం ఉపరితలం నుంచే వెనక్కి వస్తుంది. మిగిలింది లోపలికి దిగి, ఒక పదార్థం ముగిసి మరొకటి మొదలయ్యే చోట మళ్లీ కొంత వెనక్కి మళ్లుతుంది. ఈ రెండు ప్రతిధ్వనుల మధ్య గడిచిన సమయాన్ని బట్టి లోతు కడతారు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. తరంగం ఏ పదార్థంలో ఎంత వేగంగా పోతుందన్నది ఆ పదార్థపు రోధక స్థిరాంకం మీద ఆధారపడుతుంది. శూన్యానికి అది 1, మంచుకు 3 పైచిలుకు, రాళ్లకు సుమారు 4 నుంచి 9, ద్రవరూపంలోని నీటికి 80 దాకా. రెండో ప్రతిధ్వని సెకనులో లక్షో వంతు ఆలస్యంగా వచ్చిందనుకోండి. లోపలున్నది మంచయితే లోతు 850 మీటర్లకు దగ్గర. స్థిరాంకం 8 ఉన్న గట్టి రాయయితే 530 మీటర్లే. ప్రతిధ్వని ఒకటే, లోతులు రెండు. లోపలేముందో తెలిస్తే తప్ప లోతు తెలియదు, లోతు తెలిస్తే తప్ప లోపలేముందో తెలియదు. పైగా ఉపగ్రహం కింద నేరుగా ఉన్న నేల మాత్రమే జవాబివ్వదు. పక్కనెక్కడో ఉన్న కొండవాలు నుంచి ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వని కూడా, అచ్చం లోతు నుంచి వచ్చినట్టే నమోదవుతుంది. కాబట్టి ఈ విద్యలో సగం పని వినడం కాదు, విన్నదాన్ని అనుమానించడం.

మన శ్రీహరికోట నుంచి 2008 అక్టోబరు 22న బయలుదేరిన చంద్రయాన్-1 కథ ఈ అనుమానపు విలువను బాగా చూపిస్తుంది. అందులో నాసా ఇచ్చిన మినీ-సార్ అనే చిన్న రాడార్ ఉంది. అది మెలితిరిగే ధ్రువణం ఉన్న తరంగాన్ని పంపేది. మామూలు నేలకు ఒకసారి తగిలి వచ్చే తరంగపు మెలిక తిరగబడుతుంది. స్వచ్ఛమైన మంచులోకి దిగి పలుమార్లు చెదిరి వచ్చే తరంగంలో మాత్రం పంపిన మెలికే ఎక్కువగా మిగులుతుంది. చంద్రుడి ఉత్తర ధ్రువం దగ్గర నలభైకి పైగా బిలాల్లో ఈ లక్షణం కనిపించిందనీ, అది మంచే అయితే కనీసం 60 కోట్ల టన్నులు ఉండొచ్చనీ 2010లో ప్రకటించారు. కానీ బండరాళ్లు కిక్కిరిసిన నేల కూడా తరంగాన్ని రెండుసార్లు తాకించి ఇలాంటి గుర్తునే పంపుతుంది. ఆ సంగతి ప్రకటించినవాళ్లకు బాగా తెలుసు. అందుకే వాళ్లు బిలం లోపలినీ బయటినీ పోల్చారు. ఇటీవల ఏర్పడిన బిలమైతే రాళ్లు లోపలా బయటా చెల్లాచెదురుగా ఉండాలి, గుర్తు రెండు చోట్లా కనిపించాలి. ఈ బిలాల్లో లోపల మాత్రమే ఉంది కాబట్టి మంచేనన్నారు. దానికీ ఎదురువాదం వచ్చింది. బయటి రాళ్లు కాలక్రమంలో పొడైపోతాయి, లోపలి గోడల నుంచి మాత్రం కొత్త రాళ్లు దొర్లుతూనే ఉంటాయి, కనుక మంచు లేకపోయినా ఈ తేడా రావచ్చన్నారు. ఆ వాదనలో బలముంది. పత్రికల్లో మాత్రం 60 కోట్ల టన్నుల మంచే మిగిలింది. ఆ అంకెకు ముందున్న ‘అయితే’ అనే మాట రాలిపోయింది.

దీనికి తిరగేసిన కథ కూడా అదే చంద్రుడి మీద జరిగింది. 2009 అక్టోబరు 9న నాసా ఎల్‌క్రాస్ ప్రయోగంలో ఒక ఖాళీ రాకెట్ దశను దక్షిణ ధ్రువం దగ్గరి కేబియస్ బిలంలోకి గుద్దించారు. ఎగసిన ధూళిలో బరువు లెక్కన సుమారు 5.6 శాతం నీరున్నట్టు తేలింది. అదే కేబియస్ నేల మీద రాడార్‌కు మంచు గుర్తు కనిపించలేదు. మట్టి రేణువుల మధ్య సన్నగా కలిసిపోయిన మంచు తరంగాన్ని పలుమార్లు చెదరగొట్టలేదు మరి. అంటే గుర్తు కనిపించినచోట మంచు లేకపోవచ్చు, గుర్తు లేనిచోట మంచు ఉండొచ్చు. దీన్ని రాడార్ వైఫల్యమని నేను అనుకోను. ఒక పరికరం ఏం వినగలదో, ఏం వినలేదో తెలియడమే ఆ పనిలో నేర్పు. 2019 జులై 22న వెళ్లిన చంద్రయాన్-2లో, అహ్మదాబాద్‌లోని ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ చేసిన రాడార్‌కు రెండు తరంగదైర్ఘ్యాలు పెట్టడం వెనక ఉన్నదీ ఇదే ఆలోచన. ఒకటి సుమారు 24 సెంటీమీటర్లు, రెండోది 12. పొడవైనది లోతుగా దిగుతుంది, పొట్టిది పైపొరను చదువుతుంది. రెండూ ఒకే మాట చెబితే ఒక అర్థం, వేర్వేరుగా చెబితే మరో అర్థం. ధ్రువణాన్ని కూడా అన్ని విధాలుగా కొలవడం వల్ల రాయికీ మంచుకీ తేడా పట్టే వీలు మినీ-సార్ కంటే పెరిగింది. ల్యాండర్ దిగలేకపోయిందన్న బాధలో ఈ రాడార్ సంగతి మన తెలుగు పాఠకుల దాకా సరిగా రాలేదు.

అనుమానాన్ని పద్ధతిగా దాటి నిలిచిన ఫలితం ఎలా ఉంటుందో చూడాలంటే అంగారకుడికి వెళ్లాలి. అక్కడి హెల్లాస్ లోయకు తూర్పున, కొండల పాదాల దగ్గర రాళ్లూ మట్టీ కప్పుకున్న విశాలమైన వాలులున్నాయి. వాటి కింద హిమానీనదాలున్నాయని 2008లో శాస్త్రవేత్తలు చెప్పారు. నాసా మార్స్ రికానసెన్స్ ఆర్బిటర్‌లోని షరాద్ రాడార్ ఇచ్చిన ఆధారంతో చెప్పిన మాట అది. లోపలి నుంచి ప్రతిధ్వని వచ్చింది కదా అని వాళ్లు అక్కడితో ఆగలేదు. చుట్టూ ఉన్న కొండల ఎత్తుపల్లాల పటం తీసుకుని, పక్క వాలుల నుంచి ఏయే ప్రతిధ్వనులు ఎప్పుడు రావాలో ముందే లెక్కగట్టి, అవేవీ కావని తేల్చారు. తర్వాత లోపలున్నది మంచేననుకుని ఆలస్యాన్ని లోతుగా మార్చారు. అప్పుడు వాలు అడుగు, చుట్టుపక్కల మైదానం మట్టంతో సరిగ్గా కలిసింది. రాయి అనుకుని లెక్కిస్తే ఆ కలయిక కుదరదు. దూరాన వేరేగా కొలిచిన మైదానపు ఎత్తు ఇక్కడి ఊహకు సాక్షిగా నిలబడటం నాకు చాలా అందంగా అనిపిస్తుంది. ఆ తర్వాతి ఏళ్లలో అంగారకుడి మధ్య అక్షాంశాల్లో కొత్తగా ఉల్కలు పడి నేల చీలినచోట్ల తెల్లటి మంచు బయటపడటం కూడా మనం చూశాం.

ఇక అదే గ్రహం దక్షిణ ధ్రువం దగ్గరి సరస్సు మాట. యూరప్ మార్స్ ఎక్స్‌ప్రెస్‌లోని మార్సిస్ రాడార్ 2012 నుంచి 2015 దాకా సేకరించిన సమాచారంలో, కిలోమీటరున్నర మంచు కింద, 20 కిలోమీటర్ల వెడల్పున, అసాధారణంగా మెరిసే ప్రతిధ్వని దొరికింది. అది ద్రవరూపంలో ఉన్న నీరని 2018లో ఇటలీ శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంత చలిలో నీరు గడ్డకట్టకుండా ఉండాలంటే విపరీతమైన ఉప్పులు కావాలి. కెనడాలోని యార్క్ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో మరో మార్గం చూపారు. స్మెక్టైట్ అనే బంకమన్నును బాగా చల్లబరిచి కొలిస్తే, అది కూడా అలాంటి మెరుపునే ఇవ్వగలదన్నారు. ఈ స్మెక్టైట్ మనకు పరాయిది కాదు. వానకు ఉబ్బి, ఎండకు నోళ్లు తెరిచే మన నల్లరేగడికి ఆ గుణం వచ్చింది ఈ జాతి బంకమన్ను వల్లనే. పల్నాడులో మిర్చికీ పత్తికీ పేరు తెచ్చిన మట్టిలోని ఖనిజం, అంగారకుడి మీద నీటి వేషం వేసుకుని ఉండొచ్చన్నమాట. ఇటలీ వాళ్లు ఊరుకోలేదు, అంత చలిలో బంకమన్ను ఆ మెరుపు ఇవ్వలేదని తమ కొలతలు చూపారు. మరికొందరు 2024లో నీరూ అక్కర్లేదు, బంకమన్నూ అక్కర్లేదు, పల్చటి మంచు, ధూళి పొరల మధ్య తరంగాలు ఒకదానికొకటి తోడైనా చాలునని కంప్యూటర్‌లో చేసి చూపారు. 2025లో షరాద్‌ను మోసే ఉపగ్రహాన్ని 120 డిగ్రీలు ఒరిగించి అదే చోటును వేరే పౌనఃపున్యంతో చూస్తే, బలహీనమైన ప్రతిధ్వనే వచ్చింది. నీరుంటే అది గట్టిగా రావాలి. నా మొగ్గు ఇప్పుడు సరస్సు లేదనేవాళ్ల వైపే. అయినా ఆ మొదటి వ్యాసాన్ని తప్పుడు పనిగా చూడటం అన్యాయం. కొలతల్ని అందరి ముందూ పెట్టారు కాబట్టే ఇంతమంది దాన్ని తిరగేసి చూడగలిగారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. చంద్రయాన్-2కు 978 కోట్లు ఖర్చయింది. పల్నాడులోని ఈపూరు చుట్టుపక్కల ఎండిన బోర్లకు ఆ రాడార్ ఏం చేస్తుందని అడిగితే నేరుగా చెప్పాల్సిన జవాబు, ఏమీ చేయదనే. చంద్రుడి మట్టి ఎముకలా పొడిగా ఉంటుంది కాబట్టి తరంగం దిగుతుంది. తడిసిన నల్లరేగడి విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, తరంగాన్ని మీటరు, రెండు మీటర్లలోనే మింగేస్తుంది. అందుకే ఇక్కడ భూగర్భ జలాన్ని వెతకడానికి నేలలోకి కరెంటు పంపి నిరోధాన్ని కొలుస్తారు. హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ అయితే హెలికాప్టర్‌కు పెద్ద తీగచుట్టు వేలాడదీసి విద్యుదయస్కాంత సర్వేలు కూడా చేసింది. అంతరిక్ష పరిశోధన ఖర్చును సమర్థించడానికి రేపు మీ పొలంలో నీళ్లు చూపిస్తామని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. పరికరం రాదు. వచ్చేది పద్ధతి. దాని అవసరం ఈపూరు మండలానికి కొత్త కూడా కాదు. ఇక్కడి అగ్నిగుండాల పేరు దేశ ఖనిజ పటంలో రాగి, సీసాలతో ముడిపడి ఉంది. దగ్గర్లోని బండ్లమోటులో హిందుస్థాన్ జింక్ సీసం గని నడిపి తర్వాత మూసేసింది. లోహ ఖనిజాల కోసం విద్యుత్ సర్వేలు చేసేవాళ్లందరికీ తెలిసిన ఇబ్బంది ఒకటుంది. ఖనిజం ఎలా కరెంటును పారనిస్తుందో, గ్రాఫైట్ కలిసిన పలకరాయి కూడా అలాగే పారనిస్తుంది. చివరికి డ్రిల్లు దింపి రాతి కడ్డీ పైకి తీస్తే గాని ఏది ఏదో తేలదు. రెసిస్టివిటీ మీటరులో తక్కువ నిరోధం చూపేది నీటి పగులు కావచ్చు, బంకమన్ను పొర కావచ్చు, ఉప్పునీరు కావచ్చు. రైతుకు ఇచ్చే కాగితం మీద ‘240 అడుగులు’ అని రాసేవాళ్లు ఈ మిగతా రెండు మాటలు కూడా రాయాలని కోరడం అత్యాశేమీ కాదు.

మరో అభ్యంతరం ఇంకా సూటిది. ఇలా అన్నిటినీ అనుమానిస్తూ పోతే ఏదీ తేలదు కదా అని. తేలుతుంది, కాకపోతే నిదానంగా. చంద్రుడి ప్రశాంత సముద్రంలోని ఒక నిలువు గుంతను నాసా రాడార్ 2010లో చూసింది. ఆ గుంత అడుగు నుంచి పక్కకు సాగే గుహ ఉందని ఇటలీలోని ట్రెంటో విశ్వవిద్యాలయం వాళ్లు 2024లో, అంటే 14 ఏళ్ల తర్వాత చెప్పారు. ఉపరితలం కింద 130 నుంచి 170 మీటర్ల లోతున, 45 మీటర్ల వెడల్పుతో. మన పల్నాడులోని గుత్తికొండ బిలం అనే గుహను సున్నపురాయిని కరిగించిన నీరు తొలిచింది, చంద్రుడి మీద లావా పారి ఖాళీ మిగిల్చి ఉంటుంది. గుంత ఆకారాన్ని కంప్యూటర్‌లో కట్టి, గుహ లేకపోతే ఏ ప్రతిధ్వని వస్తుందో, ఉంటే ఏది వస్తుందో లెక్కగట్టి, వచ్చినదానితో పోల్చారు. ఇంకేమై ఉండొచ్చన్న ప్రశ్నే ఇక్కడ దారి చూపింది. బృహస్పతి చంద్రుడు యూరోపా కోసం 2024 అక్టోబరు 14న బయలుదేరిన నాసా అంతరిక్ష నౌక క్లిప్పర్‌లోని రాడార్‌కు కూడా 9, 60 మెగాహెర్ట్జ్‌ల రెండు పౌనఃపున్యాలు పెట్టారు, ఒకటి చెప్పింది రెండోది సరిచూసేలా. 2030లో అది అక్కడికి చేరాక మంచు కింద సముద్రం దొరికిందన్న శీర్షికలు తప్పక వస్తాయి. చదివేవాళ్లు చూడాల్సింది ఆ రెండూ ఒకే మాట చెప్పాయా లేదా అని.

అంతకంటే ముందు మనకు సొంత అవకాశం ఉంది. చంద్రయాన్-5గా పిలుస్తున్న భారత్-జపాన్ ప్రయోగానికి 2025లో కేంద్రం ఆమోదం ఇచ్చింది. ల్యాండర్ మనది, రోవర్ జపాన్‌ది. దక్షిణ ధ్రువం దగ్గర మట్టిని తొలిచి నీటిని కొలవడమే దాని పని. కక్ష్యలోంచి రాడార్లు ఇన్నేళ్లు చెప్పినదాన్ని డ్రిల్లుతో సరిచూసే అరుదైన సందర్భం అది. ఇస్రోను ఒక్కటే అడగాలనుంది. దిగే చోటు ఖరారయ్యాక, డ్రిల్లు నేలను తాకడానికి ముందే, చంద్రయాన్-2 రాడార్ లెక్క ప్రకారం అక్కడ ఎంత లోతులో ఎంత మంచు ఉండాలో, లేకపోతే ఆ గుర్తుకు రాళ్లు కారణమయ్యే అవకాశం ఎంతో, తేదీ వేసి అందరికీ కనిపించేలా ప్రచురించాలి.