తవ్వినవాడి లెక్కే ఎందుకు?

"వాగులో ఇసుక తోడుతున్న ట్రాక్టర్లు పట్టివేత" అనే వార్త మంచిర్యాల జిల్లా పేజీలో తరచూ కనబడుతుంది. అందులో డ్రైవర్ పేరు ఉంటుంది, కూలీల ఊరు ఉంటుంది. ఓనర్ పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆ ఇసుక కొన్నదెవరో, దానితో ఎవరి బిల్డింగ్ లేచిందో మాత్రం ఎక్కడా ఉండదు. మందమర్రి చుట్టుపక్కల వ్యాగన్ల దగ్గరా, మట్టి కుప్పల మీదా బొగ్గు ఏరుకునే వాళ్ల గురించిన వార్తలూ ఇంతే. చేయి కనబడుతుంది, ఆ చేయిని నడిపించేది కనబడదు.

పరిశోధనలు వార్తల కంటే ఒక మెట్టు పైన ఉంటాయని మనం ఆశిస్తాం. చిన్న తరహా అక్రమ తవ్వకాల మీద ఆఫ్రికాలో, ఆసియాలో చాలా అధ్యయనాలు వచ్చాయి. వాటిలో తరచూ కనబడే అంశాలు కొన్ని ఉన్నాయి: వయసు, ఆడా మగా, చదువు, పెళ్లి, ఇంట్లో ఎంతమంది, సొంత ఊరా వలస వచ్చారా, నెల ఆదాయం ఎంత. చివరికి తేలేది దాదాపు ఒకటే. యువకులు, చదువు తక్కువైనవాళ్లు, పెద్ద కుటుంబం ఉన్నవాళ్లు ఈ పనిలోకి ఎక్కువగా దిగుతున్నారని.

ఈ లెక్క అబద్ధం కాదు. అయితే ఇది తవ్వినవాడి దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతుంది. పేదరికం, చదువులేమి అతని ఒంటికి పుట్టుకతో అంటుకున్న గుణాలైనట్టు చెబుతుంది. ఇదే కొలబద్దను మందమర్రికి తెచ్చి, ఒక్కొక్క గడినీ విప్పి చూద్దాం.

మొదట చదువు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం. షెడ్యూల్డ్ తెగల్లో అది 49 శాతం. ఈ 18 శాతం తేడా మన పిల్లల తెలివిలో లేదు. ఇంట్లో గోండీనో కొలామీనో మాట్లాడే పిల్లవాడు ఒకటో తరగతిలో అడుగుపెట్టగానే మరో భాషలో అక్షరాలు దిద్దాలి. అక్కడ వెనకబడినవాడు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి బడి వదిలేస్తే దాన్ని "తక్కువ చదువు" అని రాసుకుంటున్నాం. ఇంకో సంగతి కూడా ఉంది. ఐటీఐ చేసి ట్రాక్టర్ తోలుతున్న కుర్రాళ్లు మన గూడేల్లోనే ఉన్నారు. చదువు తక్కువైనందుకే ఈ పనిలోకి వస్తారన్న మాట వీళ్ల దగ్గర నిలవదు.

తర్వాత ఉద్యోగం. గనులు తెరిచినప్పుడు కూలీలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి వచ్చారు, గోరఖ్‌పూర్ నుంచి కూడా వచ్చారు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవాళ్లు. ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. బొగ్గు మాత్రం తగ్గలేదు. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులకు చేరింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి, మనిషి స్థానంలో యంత్రం వచ్చింది. మట్టి తీసే పని కాంట్రాక్టు కంపెనీలకు పోయింది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని హైకోర్టు 2017లో కొట్టివేశాక, కారుణ్య నియామకాల పేరుతో కార్మికుల పిల్లలకు దారి తెరిచారు. కార్మిక కుటుంబాల వైపు నుంచి చూస్తే అది న్యాయమైన కోరికే. మరి తాత గనిలోకి దిగని ఇంటికి వారసత్వం ఎక్కడ నుంచి వస్తుంది? గని తమ అడవిలోకి వచ్చినా, గనిలో నౌకరి రాని గోండు, కొలాం, నాయకపోడు కుటుంబాలను ఏ గడిలో రాసుకోవాలి?

మూడోది వలస. అధ్యయనాల్లో వలస అంటే తవ్వేవాడు బయటి నుంచి రావడం. ఇక్కడ తవ్వేవాడు ఉన్నచోటే ఉన్నాడు, పట్టణమే అతని దగ్గరికి వలస వచ్చింది. ఈ ఒక్క తేడాతోనే ఆ కొలబద్ద మన నేలకు సరిపోదని తెలుస్తుంది.

ఇక ఏ ప్రశ్నపత్రంలోనూ సరిగా కనబడని గడి ఒకటి ఉంది. అనుమతి ఎవరి చేతిలో ఉంది? అక్రమం అంటే అనుమతి లేకపోవడమే కదా. అలాంటప్పుడు మొదట అడగాల్సింది అనుమతి గురించే.

షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు మారకూడదని 1/70 చట్టం చెబుతోంది. బొర్రా ప్రాంతపు గనుల వివాదంలో 1997 జులైలో సమత తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు చెల్లదని సుప్రీంకోర్టు ఆ తీర్పులో చెప్పింది. ప్రభుత్వ సంస్థలు లేదా గిరిజన సహకార సంఘాలు తవ్వుకోవచ్చని, లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి పక్కన పెట్టాలని కూడా చెప్పింది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఇసుక, మొరం, కంకర లాంటి చిన్న ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు ఉండాలి. కాగితం మీద చూస్తే దేశంలో మనకున్నంత రక్షణ కొద్దిమందికే ఉంది.

మందమర్రికి వచ్చి చూస్తే పరిస్థితి వేరు. ఈ పట్టణం షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంది. రాజ్యాంగంలోని మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు దానంతటది వర్తించదు, పార్లమెంటు చట్టం చేసి వర్తింపజేయాలి. ఆ చట్టం రాలేదు. అందువల్ల మందమర్రి మున్సిపాలిటీ దశాబ్దాలుగా ఎన్నికలు లేకుండా అధికారుల పాలనలో నడిచింది. పల్లె మున్సిపాలిటీలో కలిసిన నాడే గ్రామసభ పోయింది, దాని బదులు రావాల్సిన వార్డు సభ్యుడు రాలేదు. అక్కడి ఆదివాసీ వాగులో ఇసుక మీద హక్కు అడగాలంటే ఏ సభలో చేయెత్తాలి? అడిగే చోటు తీసేసి, అడగకుండా తవ్వాడని కేసు పెడుతున్నాం. గనులు, ఖనిజాల చట్టం 21వ సెక్షన్ కింద 2015 సవరణ తర్వాత ఐదేళ్ల దాకా జైలు, హెక్టారుకు ఐదు లక్షల దాకా జరిమానా ఉండవచ్చు. శిక్ష పడకపోయినా, కేసు నడుస్తున్నంత కాలం సర్కారు నౌకరికి పోలీసు వెరిఫికేషన్‌లో అడ్డంకి తప్పదు. ఇరవై ఏళ్ల కుర్రాడు రాత్రి కూలి కోసం పెట్టే పందెం ఇదీ.

లైసెన్స్ ఇచ్చేస్తే అంతా సర్దుకుంటుందనీ అనుకోవద్దు. ఘనా దేశం చిన్న తరహా బంగారు తవ్వకాన్ని 1989లోనే చట్టబద్ధం చేసింది. కాగితాలకు ఆఫీసుల చుట్టూ తిరగాలి, ఖర్చు ఎక్కువ, ఏళ్లు పడుతుంది. అందుకే ఎంతోమంది ఇప్పటికీ లైసెన్స్ లేకుండానే తవ్వుతున్నారు. అక్కడ ఆ పనిని "గలామ్సే" అంటారు. మేఘాలయలో భూమి ఆదివాసులదే. అయినా 2018 డిసెంబర్‌లో క్సాన్ దగ్గర ఎలుక బొరియ లాంటి బొగ్గు గనిలో నీళ్లు ముంచెత్తినప్పుడు, లోపల చిక్కుకున్న 15 మందిలో ఎక్కువ మంది ఆ ఊరివాళ్లు కారు. గారో కొండల నుంచీ అస్సాం నుంచీ కూలికి వచ్చినవాళ్లు. భూమి మనవాళ్లదైనంత మాత్రాన గనిలో న్యాయం ఉన్నట్టు కాదని అది చెప్పింది.

ఇక్కడ మన వైపు కూడా చూసుకోవాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఇసుక రీచ్‌లు గిరిజన సంఘాలకే ఇవ్వాలన్న నియమం మన పోరాటాల వల్ల వచ్చింది. ఆచరణలో సంఘం పేరు మనది, జేసీబీ, లారీ, లెక్కల పుస్తకం కాంట్రాక్టర్‌వి అయిన చోట్లు ఉన్నాయి. సంతకానికి కొంత ముట్టజెప్పి మిగిలింది పట్టుకుపోయేవాడి తవ్వకం చట్టం దృష్టిలో సక్రమం. అదే వాగులో పార పట్టినవాడిది అక్రమం. పేరు అప్పిచ్చేవాడు మనలోనే ఉన్నంతకాలం బయటివాడిని ఒక్కడినే తిట్టి లాభం లేదు. అలాగని రాత్రి తవ్వకాన్ని పేదోడి హక్కు పేరుతో పొగడనూ వద్దు. ఇసుక పోతే వాగు లోతవుతుంది, పక్క చేలల్లో బోర్లు ఎండుతాయి. ఆ నష్టం పడేది కూడా మన గూడెం మీదే.

మరి ఏం చేయాలి? లెక్క మనమే తీయాలి, ప్రశ్నలు మార్చి తీయాలి. పనికి పోయినవాడి వయసు, చదువు రాసుకున్నాక ఆగొద్దు. ట్రాక్టర్ ఎవరిది? ట్రిప్పుకు కూలీకి ఎంత, ఓనర్‌కు ఎంత? ఇసుక ఎక్కడ దిగింది? గ్రామసభ ఎప్పుడు కూర్చుంది, తీర్మానం ఎవరు రాశారు? సంఘం బ్యాంకు పాస్‌బుక్ ఎవరి దగ్గర ఉంది? ఆడవాళ్లు ఏ పని చేస్తున్నారు, వాళ్ల కూలి ఎవరి చేతికి వస్తోంది? ఉపాధ్యాయులు హాజరు పట్టీ ముందు పెట్టుకుని, ఏ నెలల్లో ఏ పిల్లలు బడికి రావడం లేదో చూసినా సగం సంగతి తెలుస్తుంది. పేర్లు బయటపెట్టాల్సిన పని లేదు, పిల్లవాడిని పోలీసులకు పట్టించే లెక్క కాకూడదు ఇది.

యువకులు పెసా చట్టాన్ని, సమత తీర్పును తెలుగులో చదివి, సంఘం లెక్కలను గ్రామసభ ముందు పెట్టమని అడగాలి. మందమర్రి లాంటి పట్టణాల్లో అడగడానికి సభే లేదు కాబట్టి, మొదటి డిమాండ్ ఆ సభ కోసమే ఉండాలి. తవ్వినవాడి గురించి ఇంతవరకు చాలామంది రాశారు. తవ్వించినవాడి గురించి, అనుమతి రాసిచ్చినవాడి గురించి రాయాల్సింది ఇంకా మిగిలే ఉంది. ఆ రాత మన చేతుల మీదుగా మొదలవ్వాలి.