పల్లంవాడి పిక్కబలం

ఘాట్ రోడ్డు మీద సైకిల్ తొక్కడం ఎక్కడ నేర్చుకోవాలని అడిగేవాళ్లకు నేను కొండలు చూపించను. ద్రాక్షారామం రమ్మంటాను. వేసవి సాయంత్రం పైరగాలి అందుకునే వేళకి భీమేశ్వరుడి గుడి దాటి కోటిపల్లి వైపు తొక్కమంటాను. పది పన్నెండు కిలోమీటర్ల దారి, ఎక్కడా బెత్తెడు మెరక లేదు. కానీ సముద్రం మీంచి వచ్చే గాలి చేల మీదుగా, అడ్డూ ఆపూ లేకుండా, తిన్నగా గుండెల మీదికే కొడుతుంది. తొక్కడం ఆపితే నాలుగు బారల్లో సైకిల్ నిలబడిపోతుంది. ఆ గాలిలో ఒకే ఊపున, భుజాలు కదలకుండా, ఊపిరి ఎగదన్నకుండా గౌతమి రేవు చేరినవాడు మారేడుమిల్లి ఘాట్‌కి సగం తయారైనట్టే.

ఊరి మీద మమకారంతో అంటున్నాననుకుంటారేమో. మమకారం ఉంది, దాచను. అయితే లెక్క కూడా నా పక్షానే ఉంది. కొండ ఎక్కేటప్పుడు మనతో పోరాడేది మన బరువు, పల్లంలో పోరాడేది గాలి. గాలి కదలని రోజున కూడా వేగం రెట్టింపు చేయాలంటే, గాలిని చీల్చడానికే ఎనిమిది రెట్ల శక్తి పెట్టాలి. రెండు చోట్లా కాళ్లకు విశ్రాంతి లేదు, రెండు చోట్లా తొందరపడ్డవాడే ముందు చతికిలబడతాడు.

నమ్మనివాళ్లు హాలండ్‌ని చూడండి. కాలవలు, గట్లు, సముద్రపు గాలి తప్ప కొండ ఎరగని దేశం అది. ఫ్రాన్స్‌లో ఆల్ప్ డ్యుయెజ్ అని 21 హెయిర్‌పిన్ మలుపుల కొండదారి ఉంది. టూర్ డి ఫ్రాన్స్‌లో దానికున్నంత పేరు మరో ఎక్కుడికి లేదంటే అతిశయోక్తి కాదు. 1952 నుంచి 1989 దాకా ఆ కొండ మీద పందెం 14 సార్లు ముగిస్తే, 8 సార్లు గెలిచింది డచ్చివాళ్లు. యోప్ జూటెమెల్క్ 1976లోనూ 1979లోనూ గెలిచాడు, హెన్నీ కైపర్ 1977, 78ల్లో వరసగా గెలిచాడు, పీటర్ విన్నెన్ 1981, 83ల్లో గెలిచాడు. జూటెమెల్క్ 1980లో ఏకంగా టూర్‌నే గెలిచాడు. అక్కడితో ఆగాడా? 1985లో, 38 ఏళ్ల వయసులో, ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు! ఆ డచ్చివాళ్లు ఒకప్పుడు మా ద్రాక్షారామంలో వర్తక స్థావరం పెట్టుకున్నారు. గోదావరి పల్లం చూసి సొంతూరు గుర్తొచ్చి ఉంటుందని నా నమ్మకం.

మన దగ్గర ఛాంపియన్లు లేరా అంటే, ఉన్నారు. పతకాలు లేవంతే. ముక్తేశ్వరం రేవులో పంటు దగ్గర కాసేపు నిలబడితే చాలు. హ్యాండిల్‌కి రెండు పక్కలా, వెనక క్యారేజీ నిండా కొబ్బరికాయలు కట్టుకుని వచ్చే మనిషి కాలవ వంతెన ఎలా ఎక్కుతాడో దగ్గర నుంచి చూడండి. వంతెనకి ఇరవై గజాల ముందే వేగం కూడగడతాడు. ఎక్కుడు తగలగానే సీటు మీంచి లేవడు, లేస్తే బరువు ఊగి సైకిల్ తిరగబడుతుంది. నడుం ముందుకి వంచి, మడమలు కిందికి దించి, మోకాళ్లు ఫ్రేముకి దగ్గరగా పెట్టుకుని నిదానంగా తొక్కుతాడు. చేతులు హ్యాండిల్‌ని బిగించవు, ఆనుకుని ఉంటాయి. యూరప్‌లో జీతమిచ్చి శిక్షకుణ్ణి పెట్టుకుని నేర్చుకునే విద్య ఇది. మావాళ్లకి పొట్టకూటితో పాటు వచ్చింది.

వాళ్ల చేతిలోది పాత నల్ల సైకిల్. సాధారణంగా ముందు 44 పళ్లు, వెనక 18. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి ఐదు మీటర్ల పైన పోతుంది. పల్లానికి అది బాగానే ఉంటుంది గాని ఘాట్‌లో మోకాళ్లు విరుస్తుంది. రోడ్డు సైకిల్ మీద ముందు 34, వెనక 32 పళ్లు పెడితే ఒక చుట్టుకి రెండు మీటర్ల పైచిలుకే పోతుంది. అదే కావలసింది. గేర్లంటే చేతకానివాడి ఊతకర్రలని చిన్నచూపు చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్ కూడా 45 దాటినవాళ్లకే గేర్లని 1902లో కొట్టిపారేశాడు. చైను పళ్లు మార్చే గేర్లని టూర్‌లోకి రానిచ్చింది 1937లో. నేను గేర్ల పక్షం. బలం చూపించుకోవడానికి మోకాలి చిప్ప పణంగా పెట్టనక్కర్లేదు.

ఇక దారి. ద్రాక్షారామం నుంచి మారేడుమిల్లి రమారమి 130 కిలోమీటర్లు. మార్గశిరం, పుష్యం మంచి కాలం. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాలి. రామచంద్రపురం, బిక్కవోలు, అనపర్తి దాకా కాలవల నేల. చలికాలంలో ఈశాన్యపు గాలి కుడి భుజానికి కొడుతుంది. నలుగురు కలిసి వెళ్తుంటే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఒకరి వెనక ఒకరు తిన్నగా కాకుండా కాస్త ఎడమకి జరుగుతూ ఏటవాలుగా సాగాలి. ముందున్నవాడు గాలి తింటాడు, వెనకవాడు తేరుకుంటాడు. రెండు నిమిషాలకోసారి వంతు మారాలి. వెనకే ఉండి శ్రమ తప్పించుకునేవాణ్ణి మళ్లీ పిలవొద్దు.

రంగంపేట చేరేసరికి నల్లనేల పోయి ఎర్రమట్టి, వరి పోయి జీడిమామిడి. రోడ్డు అలలు అలలుగా లేస్తుంది. గోకవరం దాటాక అడవి. రంపచోడవరం తరవాత భూపతిపాలెం రిజర్వాయర్ పక్కనుంచి వెళ్తుంటే ఎదురుగా కొండల వరస కనపడుతుంది. మారేడుమిల్లిలో ఆ రాత్రి పడుకుని, తెల్లారి చింతూరు వైపు అసలు ఘాట్‌లోకి దిగాలి.

ఈ ఘాట్ మర్యాద వేరు. మారేడుమిల్లి నుంచి వెళ్తే కాసేపు ఎక్కించి, ఆ తరవాత శబరి లోయ దాకా దించేస్తుంది. దిగింది మళ్లీ ఎక్కాలి. అందుకని దిగేటప్పుడే బలం దాచుకోవాలి. ఎక్కేటప్పుడు మొదటి మూడు మలుపులూ మరీ తేలికయ్యాయే అనిపించేంత నెమ్మదిగా వెళ్లాలి. నిమిషానికి 70, 80 చుట్ల లయ తప్పకూడదు. లయ తప్పుతోందంటే గేరు దించాలి, పంతం పట్టకూడదు. హెయిర్‌పిన్ మలుపులో లోపలి అంచు నిటారుగా ఉంటుంది, ఎదర వాహనం లేకపోతే మన పక్కలోనే కొంచెం వెడల్పుగా తిరగాలి. ఆకలి కాకముందే తినాలి, దాహం వేయకముందే తాగాలి. అరటిపండు, బెల్లం ముక్క, ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు చాలు.

దిగడంలోనే అసలు పనితనం బయటపడుతుంది. బ్రేకు మలుపులో కాదు, మలుపుకి ముందే వేయాలి. బయటి వైపు పెడల్ కిందికి దించి ఒంటి బరువంతా దాని మీద మోపాలి. చూపు గోతి మీద నిలిపితే సైకిల్ అటే పోతుంది, మలుపు ఎక్కడ విడుతుందో అక్కడ నిలపాలి. రెండు బ్రేకులూ అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ము కాలి ట్యూబు పేలుతుంది. పట్టి వదలాలి, పట్టి వదలాలి. చెట్ల నీడలో తడి ఆకులుంటాయి, అక్కడ సైకిల్ వాల్చకూడదు. మంచి రైడర్ దిగుతుంటే పక్కన నిలబడి వినండి, ఫ్రీవీల్ చప్పుడు తప్ప బ్రేకు కీచుమనదు.

విశాఖ మిత్రులు అనంతగిరి ఘాట్‌ని మించింది లేదంటారు. ఎత్తులో నిజమే, ఒప్పుకుంటాను. కాని విశాఖ నుంచి యాభై కిలోమీటర్లకే, శృంగవరపుకోట దాటగానే, కొండ తగులుతుంది. పిక్కలు ఇంకా తాజాగానే ఉంటాయి. వంద కిలోమీటర్లకు పైగా గాలికి అరిగి, ఆ మీద కొండ ఎక్కడం వేరు. నా ఓటు మా దారికే.

దూరానికి లొంగని మనుషులంటే నాకు గుడికట్టాలనిపిస్తుంది. 1891లో తొలి పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెం, 1200 కిలోమీటర్లు, షార్ల్ తెరోఁ మూడు రోజుల లోపే నిద్ర లేకుండా ముగించాడు. 2017లో సైనిక వైద్యుడు శ్రీనివాస్ గోకుల్‌నాథ్, నాగపూర్ డాక్టరు అమిత్ సమర్థ్ అమెరికా ఖండాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి, 4,800 కిలోమీటర్లకు పైగా, 12 రోజుల గడువున్న పందెంలో ఒంటరిగా తొక్కారు. ఆ పందెం ఒంటరిగా పూర్తిచేసిన తొలి భారతీయులు వాళ్లిద్దరే. ఈ వరస నేర్చుకోవాలంటే ఇప్పుడు బీఆర్‌ఎంలనే, గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్లు ఉన్నాయి: 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40. మొదటి బహుమతి లేదు, వెనక కారూ రాదు. పంక్చరైతే ఎవరిది వాళ్లే వేసుకోవాలి. ఆ నియమం అంటే నాకు ప్రాణం.

అందుకే ఇప్పుడు ఘాట్‌లో జరుగుతున్నది చూస్తే ఒళ్లు మండుతుంది. కారు మీద సైకిళ్లు కట్టుకొచ్చి, పైన దింపి, రెండు మలుపులు జారి, వీడియో తీసుకుని, ఘాట్ కొట్టేశామని చెప్పుకుంటున్నారు. ఒక్క ఎక్కుడు తొక్కని కాలు కొండ గురించి ఏం చెబుతుంది? దగ్గర్లోని గుడిస కొండ పచ్చిక మీద జీపుల చక్రాల గాట్లు, ప్లాస్టిక్ గ్లాసులు. కారు మీద తెచ్చే ఆ సైకిళ్లు మరీ దారుణం. 21 గేర్లని స్టిక్కరు, ముందు లావుపాటి షాకబ్జార్బరు, లోపల రేకు సరుకు. గేర్ల చెయ్యి వంగిపోతుంది, బ్రేకు చెవి విరిగిపోతుంది. పల్లంలో అయితే పడి లేస్తారు. ఘాట్‌లో అదే ప్రాణం తీస్తుంది. పిల్లలకి అలాంటివి అంటగట్టేవాళ్లకి చేతులెలా వస్తాయో!

మరోపక్క అసలైనవి కనుమరుగవుతున్నాయి. అట్లాస్ సైకిళ్ల సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, మూతపడింది. ఊళ్లలో గంటకింతని సైకిళ్లు అద్దెకిచ్చిన కొట్లు మోటార్‌సైకిల్ షెడ్లయ్యాయి. చక్రాన్ని తిప్పి, పుల్లల మీద వేలితో మీటి, ఏది వదులో చప్పుడు బట్టి చెప్పి బెండు తీసే మెకానిక్కులు ముసలివాళ్లయ్యారు. వాళ్ల కొడుకులు ఆ పని ముట్టుకోరు. ముట్టుకోమని అడగడానికి మనం ఏం ఇచ్చాం గనక?

రోడ్ల శాఖవారికి ఒక విన్నపం. వెడల్పు చేసే ప్రతి రోడ్డు అంచునా సైకిల్ పట్టేంత తారు మిగల్చండి, గట్ల మీది చెట్లు వీలైనన్ని వదలండి. కాలేజీ పిల్లలకి మరొకటి. కార్తీకంలో బస్సెక్కి పంచారామాలు తిరగడం ఎప్పుడూ ఉన్నదే. ఈసారి సైకిళ్లు తీయండి. ద్రాక్షారామం, సామర్లకోట ఒకరోజు. మరోరోజు కోటిపల్లిలో పంటు ఎక్కి గౌతమి, బోడసకుర్రు దగ్గర వైనతేయ, చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటి పాలకొల్లు, భీమవరం. అమరావతి తీరికగా వెళ్దాం. ఆ గాలికి నిలబడ్డవాళ్లు సంక్రాంతి లోపు మారేడుమిల్లి రావొచ్చు. ఈలోగా మీ ఊళ్లో మిగిలిన ఆ ముసలి మెకానిక్ దగ్గరికే వెళ్లి చక్రాలు బెండు తీయించుకోండి, అడిగినంత ఇవ్వండి.