తాళపుచెవి బరువు

గత సోమవారము ప్రాతఃకాలమున మా పాతకారు తాళపుచెవి త్రిప్పినంతనే మేలుకొనుచు, చెవిని విడిచినంతనే ఆరిపోవుచుండెను. వీధి చివరి షెడ్డులోని కుర్రవాడు ఒక్కసారి చూచి, "స్విచ్చి పోయింది బాబాయిగారూ, కొత్తది వేసేద్దాం" అనగా నా మనస్సు చివుక్కుమన్నది. పరీక్షింపక పారవేయుట వైద్యము కాదని ఈ శీర్షికలో నేనెన్ని వారములు మొరపెట్టుకొంటినో పాఠకులెరుగుదురు.

ఈ విశ్వాసము నాకబ్బినది విజయవాడ ఆటోనగరులో. వీధులనిండ అంబాసిడర్లు బానెట్లు తెరచుకొని నిలిచియుండిన ఆ దినములలో, మా నాన్నగారి వెంట పోయి, ఒక వృద్ధ మేస్త్రీ పనిచేయు తీరును గంటలకొలది చూచుచుండెడివాడను. పానాకంటె ముందు ఆయన చేతిలోనికి వచ్చునది రెండు వైర్లు తగిలించిన చిన్న బల్బు. బండి కదలనప్పుడు హెడ్‌లైట్లు వేయించి, సెల్ఫ్ కొట్టించి, ఆ వెలుతురు ఏమగునో చూచెడివాడు. దీపము బొత్తిగా క్రుంగినచో బ్యాటరీనో, ఉప్పు పేరుకొనిన టెర్మినళ్ళనో పట్టుకొనెడివాడు. దీపము చెక్కుచెదరక నిలిచి, సెల్ఫ్ మోటారు మాత్రము పలుకనిచో, అప్పుడుగాని స్విచ్చిని అనుమానించెడివాడు కాడు. వేడినీళ్ళతో ఉప్పు కడిగి, ఒక్క నట్టు బిగించి ఆయన సాగనంపిన బండ్లకు లెక్కలేదు. దోషము నిజముగా స్విచ్చిదే అయినచో, దానిని విప్పి, నల్లబడిన ఇత్తడి కాంటాక్టులను గరుకు కాగితముతో మెల్లగా రుద్ది, కంటికి దగ్గరగా పెట్టుకొని చూచి మరల బిగించెడివాడు. ఎవరెంత తొందరపెట్టినను ఆయన నోట వచ్చు మాట ఒక్కటే: "బల్బు చెప్పాక నమ్ముదాం బాబూ."

కావున నేనును బల్బు తెప్పించితిని. సెల్ఫ్ తిరుగుచున్నంతసేపు వెలిగిన బల్బు, చెవి వెనుకకు మరలి 'ఆన్'లో నిలువవలసిన క్షణమున ఆరిపోయెను. కుర్రవాని మాట నిజమే. అయినను, క్రొత్తది వలదు, రుద్దుమంటిని. అతడు శ్రద్ధగా మొదట బ్యాటరీ నెగటివు వైరు తీసి, స్టీరింగు క్రింది తొడుగు విప్పి, తాళము వెనుకనున్న స్విచ్చిని వెలికితీసి నా అరచేతిలో పెట్టెను. ఒక కాంటాక్టుపై నువ్వుగింజంత గుంట. చుట్టును వేడికి కమిలిన ప్లాస్టిక్కు. అంతవరకు రుద్దవచ్చును. కాని వ్రేలితో త్రిప్పి చూడగా, దానిని 'ఆన్' గాడిలో పట్టి నిలుపవలసిన స్ప్రింగు సడలిపోయి, చిన్న తాకిడికే జారిపోవుచుండెను.

ఆ జారుడు నన్ను భయపెట్టినది. 2014లో అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ సంస్థ సుమారు 26 లక్షల కార్లను వెనుకకు పిలిపించినది ఇట్టి బలహీనమైన పట్టువలననే. మోకాలు తగిలినను, చెవుల గుత్తి బరువుగా వ్రేలాడినను స్విచ్చి జారి, నడుచుచున్న ఇంజను ఆగి, స్టీరింగు బిగుసుకొని, ప్రమాదసమయమున గాలిసంచులు విచ్చుకొనక పోయెడివి. పరిహారమునకు అర్హములని నిర్ణయింపబడిన మరణములే 124. ఆ మేస్త్రీ రుద్ది బాగుచేసిన ఆనాటి స్విచ్చులు డ్యాష్‌బోర్డుమీద ఉండెడివి. ఇంజను ఆగినంతనే బరువెక్కు పవర్ స్టీరింగు ఆ కార్లకు లేదు, స్విచ్చిమీద ఆధారపడిన గాలిసంచియు లేదు. ఆయన ఓపిక ఆ యంత్రమునకు తగినది. కాంటాక్టు కాలిన బండి ఇంటిముందు మొరాయించును. స్ప్రింగు సడలిన బండి రహదారి నడుమ, వెనుక లారీ వచ్చుచుండగా ఆగును. గరుకు కాగితము స్ప్రింగునకు బలమీయలేదు.

"కొత్తదే వెయ్యి నాయనా" అంటిని. అతడు బిగించి, మూడుమార్లు వెలిగించి ఆర్పి, చెవిని కుదిపి చూపి, గుత్తిని నా చేతిలో పెట్టెను. వీధితలుపువి రెండు, బీరువాది ఒకటి, పెరటి గేటుది ఒకటి, తిరుపతిలో కొన్న ఇత్తడి బిళ్ళ ఒకటి అందున్నవి. అచటనే నిలుచుండి ఒక్కొక్కటిగా విడదీసి జేబులో వేసికొని, కారు చెవిని మాత్రము దాని స్థానమున ఒంటరిగా ఉంచి ఇంటికి నడిపించుకొని వచ్చితిని.