అంపశయ్య చెంత కూర్చుండువారు

భీష్ముడు అంపశయ్యపై 58 రాత్రులు పరుండెనని భారతము చెప్పుచున్నది. నేటి జనగామ జిల్లాలోని వావిలాలలో పుట్టిన నవీన్‌గారు 1969లో ప్రకటించిన ‘అంపశయ్య’లో రవి యను బీద విద్యార్థి వేదన 16 గంటలది. జాయిసు ‘యులిసీసు’ వలె నిదియు నొక్కదినపు కథ యనియు, చైతన్యస్రవంతి యనియు విమర్శకులు చర్చించిరి. ఆ చర్చతో మాకిప్పుడు పని లేదు.

రవిని రోగి యనుట నవలకు అన్యాయము. కాని లోపలి బాణములు పరులకు కనబడవని యింత స్పష్టముగా చూపిన పుస్తకములు తెలుగున కొన్నియే. దీర్ఘవిషాదమును గూర్చి తలచునపుడు మా చేయి ఆ పుస్తకము మీదికే పోవుచున్నది.

మనసు క్రుంగి రెండేండ్లు దాటినను తేరుకొననిచో వైద్యులు దానిని దీర్ఘరోగముగా నెంచుదురు. అట్టివాడు వేకువనే మేల్కొనును, లేవడు. కంచము ముందుండును, చేయి కదలదు. ఇంటివారు మొదట బుజ్జగింతురు, పిదప కసరుదురు, తుదకు మాటలాడుటయే మానుదురు. జనగామ, మహబూబాబాదు ప్రాంతములలో పత్తి తీయుట, మిరప కోయుట, అప్పులవానికి సమాధానము చెప్పుట భార్య వంతగును. భూపాలపల్లి గనికార్మికుని యింట నాగాలు పెరిగి జీతము తరుగును. చెల్లెలి సంబంధము చెడునేమోయని తల్లి చుట్టములతో ‘వానికి కడుపునొప్పి’ యనును. పెండ్లి చేసిన కుదురుకొనునను పెద్దల మాటను మాత్రము మేము క్షమింపజాలము. ఏమియు నెరుగని యొక పిల్లను ఆ యింటికి తెచ్చి బలియిచ్చుట వైద్యమగునా?

ధైర్యము చెప్పువారు గీత నుదాహరింతురు. అర్జునుని విషాదము ఒక సంభాషణతో తీరినది. ఈ విషాదము హితబోధకు లొంగదు. మందునకును, వైద్యుని యోపికకును చాలమందిలో లొంగును. 2022లో ఆరంభమైన టెలిమానసు వారికి 14416 సంఖ్యపై తెలుగుననే చెప్పుకొనవచ్చును. రాజులు తెచ్చిన మెత్తని తలగడలను భీష్ముడు వలదనెను. అర్జునుడు బాణములతోనే తలగడ యమర్చెను. మన యోదార్పులలో పెక్కు ఆ రాజుల తలగడలే.

నవీన్‌గారు శయ్యపైనున్నవాని మనసులోనికి మనలను కొనిపోయిరి. చెంత కూర్చున్న ఆమె మాట యేమి? రవికి 16 గంటల యెల్ల చాలినది, ఆమెకు చాలదు. ఆమెది పదియేండ్ల కాలము. అందు నిన్నకును నేటికిని భేదము లేదు. అట్టి కాలమును కథగా నల్లు విధమును మన నవలాకారులు కనుగొనవలసియున్నది.