ఒంటికి రేగడి మట్టి

మట్టి స్నానం అంటే నానిన మెత్తని మట్టిని ఒళ్లంతా పూసుకుని, ఆరాక కడిగేసుకోవడం. కొలంబియాలోని ఎల్ టోటుమో అనే బురద అగ్నిపర్వతం దగ్గర ఇది పర్యాటకుల ఒకరోజు విహారం. సుమారు 15 మీటర్ల దిబ్బ ఎక్కి, దాని నోట్లోని చిక్కటి బురదలోకి దిగుతారు. ఆ బురద నీటికన్నా బరువు, అందుకే మనిషి మునగడు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో అలాంటి బురద కొండలు లేవు. ఇక్కడున్నవి చెరువులు, చెల్కలు, రేగళ్లు, ఎండాకాలం బురదలో పొర్లే బర్రెలు. బర్రెకు చెమట తక్కువ పడుతుంది. ఒంటికంటిన బురదలోని తడి ఆవిరవుతూ దాని వేడిని లాగేస్తుంది. మనిషికి మట్టి చేసే మేలు కూడా ముఖ్యంగా ఇదే. రేగడి నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది కనుక చల్లదనం తొందరగా పోదు. ఒంట్లోని విషాలన్నీ మట్టి పీల్చేస్తుందనే ప్రచారానికి మాత్రం రుజువు లేదు.

మట్టి వైద్యం ఒక భాగమైన ప్రకృతి చికిత్సతో తెలుగువారి పరిచయం పాతది. జర్మన్ చికిత్సకుడు లూయీ కూనే పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ 1894లోనే తెలుగు చేశారు. మట్టి వైద్యాన్ని గాంధీజీ మరో జర్మన్ ఆడాల్ఫ్ జుస్ట్ పుస్తకం చదివి నేర్చుకున్నారు. దక్షిణాఫ్రికాలో మలబద్ధకానికి తడిమట్టి పట్టీని పొట్టపై వేసుకుని చూశారు. నేడు జనగామ నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగి రాగల దూరంలోనే హైదరాబాద్ అమీర్‌పేట ప్రాంతంలో ప్రభుత్వ నేచర్ క్యూర్ ఆసుపత్రి ఉంది.

మట్టి స్నానంలో నేర్పంతా మట్టిని సిద్ధం చేయడంలోనే ఉంది. పైమట్టి పనికిరాదు. మూడు నాలుగు అడుగుల లోతు నుంచి తీసి, ఎండబెట్టి, దంచి, రాళ్లూ వేళ్లూ లేకుండా జల్లెడ పట్టాలి. రాత్రంతా నానితే వెన్నలా జారుతుంది. పొద్దుటి లేత ఎండలో పూసుకుని, అరగంట నుంచి ముప్పావుగంట కూర్చుని, చర్మం బిగిసినట్టు అనిపించగానే నీళ్లు పోసుకోవాలి. అంతకు మించి ఎండబెట్టుకుంటే చర్మం పగులుతుంది.

పుండ్లు, తెగిన గాయాలు ఉన్నవారు మట్టి జోలికి పోరాదు. ధనుర్వాతం క్రిములు మట్టిలోనే ఉంటాయి. ఊరి మురుగు కలిసే చెరువు బురద, మందులు కొట్టిన పత్తి చేను మట్టి ఎంత నల్లగా, ఎంత మెత్తగా ఉన్నా ఒంటికి పూయదగినవి కావు.