కోలగా గీస్తేనే గుండ్రం

తెర మీద ఒక ఎర్రటి బొట్టు. నిండుగా ఉంది గానీ గుండ్రంగా లేదు. పట్టి చూస్తే గానీ తెలియనంత కోల. పక్కన ‘ఆత్రేయపురం పూతరేకులు’ అన్న అక్షరాలు కూడా రవ్వంత ఒదిగి నిలబడ్డాయి. పార్సిల్ పెట్టెలకు అంటించే 48 మిల్లీమీటర్ల టేపు కోసం ప్లేటుకు వెళ్తున్న ఫైలది. గీసినవాళ్ల చెయ్యి తప్పిందనుకున్నాను. తప్పింది నా చూపు.

ఈ టేపు మీద అచ్చు పడేది ఫ్లెక్సో పద్ధతిలో. రబ్బరులా మెత్తని ప్లేటును సిలిండరుకు చుట్టి అంటిస్తారు. వంగేటప్పుడు ప్లేటు పైముఖం సాగుతుంది, బొమ్మనూ సాగదీస్తుంది. ఒక చుట్టుకు 304.8 మిల్లీమీటర్లు అచ్చు వేసే సిలిండరు మీద 1.7 మిల్లీమీటర్ల మందం ప్లేటు వేస్తే ఆ సాగుడు సుమారు 3 శాతం. అందుకే బొమ్మను ముందుగానే పొడవు వైపు అంత మేర కుదిస్తారు. వెడల్పు జోలికి పోరు. కోల బొట్టు సిలిండరెక్కి గుండ్రమవుతుంది. పూతరేకు కోసం పలచటి పిండిలో ముంచిన గుడ్డను బోర్లించిన వేడి కుండ మీద ఒక్క ఊపున లాగే చేతికి ఈ మర్మం కొత్తేమీ కాదు. రేకు పరుచుకునేది నేల మీద కాదు, వంపు మీద అని ఆ చేతికి ముందే తెలుసు.

ఆ 304.8లో బొమ్మ మూడుసార్లు వస్తుంది, ఒక్కోటి 101.6. మూడోది ముగిసేచోట మొదటిది మళ్లీ అందుకోవాలి. పెడనలో కలంకారీ అచ్చు వేసేవాళ్లు చెక్క అచ్చు పక్కన అచ్చు దించుతూ అతుకు కనబడనివ్వనట్టే. చీర అంచుకైనా కొంగు దగ్గర ఆగే వీలుంది, టేపుకు అదీ లేదు. ప్యాకింగు చేసే కుర్రాడు ఎక్కడ తెంపితే అక్కడే దాని మొదలు, అక్కడే చివర. ఆ తెంపుడును తలుచుకునే ఈ పేరును 80 మిల్లీమీటర్లలో సర్దారు. జానెడు ముక్క ఎక్కడ తెంపినా పేరు ఒక్కసారైనా నిండుగా మిగులుతుంది. తన చేతిలో లేని చేతికి ఇంత చోటిచ్చిన పొందిక చూసి మనసు నిండిపోయింది.

ఇక అక్షరాలు. మెత్తని ప్లేటు ఒత్తిడికి ఇంకు గీత దాటి పాకుతుంది. ‘త్రే’లో అక్షరాన్ని చుట్టుకునే క్రావడికీ త ఒంటికీ మధ్య సందు పూడిందంటే చదివేవాడికి మిగిలేది ఎర్రని ముద్దే. అందుకే ఆ సందులను విప్పారు, తలకట్టును వెంట్రుకవాసి పైకెత్తారు, సన్నగీతలకు కాస్త ఒళ్లిచ్చారు. ఆపైన అంతా కర్వ్స్ చేశారు, అంటే అక్షరాలను గీతలుగా మార్చేశారు. లేకపోతే ప్రెస్సు కంప్యూటరులో ఆ ఫాంటు లేనినాడు ‘త్రే’ విడిపోయి ‘త్‌రే’ అయి కూర్చుంటుంది. కర్వ్స్ చేశాక అక్షరం అక్షరం కాదు, గీత మాత్రమే. అచ్చుతప్పు ఉంటే ఇక దిద్దలేం. ఆ మీట నొక్కేముందు పేరును కూడబలుక్కుని చదివి ఉంటారు, అక్షరాభ్యాసం నాటి శ్రద్ధతో.

రంగు ఒక్కటే. గోధుమరంగు టేపు మీద ఎరుపు ఎలాగూ మాగుతుంది, ఆ మాగుడునే కుండ రంగుగా వాడుకున్నారు. రెండో రంగు కోసం చెయ్యి చాచలేదు. క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణంగా చూసిన ఔచిత్యం అంటే ఈ చాచకపోవడమే కదా!

పెట్టె ఏదో ఊరు చేరుతుంది. కత్తి ‘ఆత్రే’కీ ‘య’కీ నడుమ దిగుతుంది. టేపు అట్టపొరను పట్టుకుని చిరిగి చెత్తబుట్టలో పడుతుంది. దాని మీద బొట్టు గుండ్రంగానే ఉంటుంది. గుండ్రంగా ఉన్న బొట్టును ఆగి చూసేదెవరు?